నాలుగో లైన్లో రెండు మాటలు

బ్రాడీపేట నాలుగో లైను, జిరాక్సు షాపు మేడమీద
సాయంత్రం ఆరున్నరకి ఇంగ్లీషు.
గాలి మిర్చి యార్డు వైపు నుంచి తిరిగిన రోజు
నేను సుద్దముక్క అందుకునేలోపే ముందు బెంచీ తుమ్ముతుంది,
తర్వాత వరసగా అందరూ.
తుమ్ములయ్యాకే పాఠం.

ఇవాళ లెండ్, బారో.

డబ్బు నీ చేతిలోంచి అవతలికి పోతే లెండ్,
అవతలి చేతిలోంచి నీకొస్తే బారో, అని చెప్పాను.
దాని వెనక టూ, దీని వెనక ఫ్రమ్.
రెండు బాణాలు గీశాను, ఒకటి ఎర్ర సుద్దతో.
"ఐ బారోడ్ హిమ్ టెన్ థౌజండ్"
మరియదాసు రాసిన వాక్యం పైకి చదివి
"మరి ఈ పదివేలు ఎవరు ఎవరికివ్వాలయ్యా?" అంటే
"వాడే సార్ నాకు. రెండేళ్ళయింది" అన్నాడు, నవ్వకుండా.

లెండ్‌కి భూతకాలం లెంట్ అన్నప్పుడూ అతనే:
"లెంటంటే శ్రమదినాలు గద్సార్, మా గుళ్ళో నలభై రోజులు?"
కాదనలేకపోయాను.
ఇచ్చినవాడి శ్రమదినాలు
నలభై దగ్గర ఆగిన సంగతి నేనెక్కడా వినలేదు.

మనకున్నది ఒకటే మాట, అప్పు.
అది కూచున్నచోట కూచునే ఉంటుంది,
క్రియలే దాని చుట్టూ తిరుగుతాయి:
తెచ్చాను, ఇచ్చాను, తీర్చాను,
గొంతు తగ్గించి, ఎగ్గొట్టాను.
"నా అప్పు" అన్నాడంటే
రావలసిందో కట్టవలసిందో
మనిషి మొహం చూసి పోల్చుకోవాలి.
చేబదులైతే మరీను.
ఇచ్చి చూడు, చెయ్యి ఎటో పోతుంది,
బదులొక్కటే మిగుల్తుంది:
"వచ్చే వారం చూద్దాం."

ఇదంతా నేను చెబుతుంటే
వెనక బెంచీ నుంచి మీరాబీ లేచింది.
కోల్డ్ స్టోరేజీలో పొద్దుటి నుంచి తొడిమలు తీసి
మంట పుట్టే వేళ్ళకి తడిగుడ్డ చుట్టుకుని
ఆ గుడ్డతోనే పెన్ను పట్టుకుంటుంది.

"మాది పదిమంది సంఘం సార్. పుస్తకం నేనే రాస్తా.
శుక్రారం బ్యాంకు కాడ తెస్తా,
శనారం తెల్లారకముందే హుసేన్‌బీకి ఇచ్చేస్తా.
నడాన ఒక్క రాత్రి నా కాడుంటయ్యి,
బియ్యం డబ్బాలో.
ఆ రాత్రి నేను బారోనా, లెండా?"

కింద జిరాక్సు మిషను వెలుతురు
కిటికీ మీదుగా ఒకసారి అటు నుంచి ఇటు పోయింది.
బోర్డు వైపు చూశాను. బాణాలు రెండూ
ఎదురెదురుగా నిలబడి నన్నే చూస్తున్నాయి.

"రెండూనమ్మా."

"రెండూ అయితే నిద్ర పట్టదు సార్"
అని కూచుంది.

రాత్రి తొమ్మిదికి పాలు గోరువెచ్చన చేసి చూస్తే
ఇంట్లో తోడుకి పెరుగు చుక్క లేదు.
ఎదురింటి సుగుణమ్మగారి తలుపు తట్టాను.
దీపాలు పెట్టాక ఇవ్వకూడదని ఆవిడే అంటుంది,
అంటూనే చెంచాడు వేసింది గిన్నెలో.
పోయిన మంగళవారం ఆవిడ నా దగ్గర పట్టుకెళ్ళింది.
అంతకుముందు నేను.
ఆ పెరుగు మొదట ఎవరి ఇంటిదో
మా మెట్ల మీద ఎవరికీ గుర్తులేదు.
ఎవరూ పుస్తకంలో రాయలేదు.
దీనికి టూ పెట్టాలా, ఫ్రమ్ పెట్టాలా,
చెంచా కడుగుతూ కాసేపు ఆలోచించి
మూత పెట్టేశాను.

తర్వాత నోటుబుక్కులు.
మీరాబీది చివర్న ఉంది.
"ఐ బారోడ్ మనీ ఫ్రమ్ ది బ్యాంక్."
కింద ఒక గీత ఖాళీ.
"ఐ లెంట్ ఇట్ టు హుసేన్‌బీ."
తప్పుల్లేవు.
ఆ ఖాళీ గీత మీద ఎర్రగా వేలిముద్ర ఒకటి,
సగం తుడిచినట్టు.

టిక్కు పెడుతూ దాన్ని వేలితో రాసి చూశాను.
ఆ సంగతి మర్చిపోయి
అదే వేలితో కన్ను నులుముకున్నాను.