ధబ్

వారాసిగూడ గల్లీల, మెట్ల కింద
రెండర్రల బేకరీ మాది.
పొయ్యి సెకండ్ హ్యాండ్‌ది.
కాటేదాన్‌ల ఎవలో దుకాణం ఎత్తేస్తుంటె
ట్రాలీ ఆటోల ఏసుకొచ్చినం.
డీజిల్ బర్నర్.
పొద్దున మూడుంబావుకు స్విచ్చేస్తె
ముందు గాలి తిరుగుతది,
తర్వాత నిప్పురవ్వ, ఆ మీద నూనె,
ఎంటనే మంట.
వరుస అది.

మా పొయ్యికి నత్తి.
నూనె వచ్చి నిలవడుతది, మంట రాదు.
ఆ రెండు మూడు క్షణాలు
పిండి చేతులతోని, ఊపిరి బిగవట్టి
తలుపు పక్కన నిలవడుత.
ఎదురుంగ కాదు, పక్కన.
ధబ్.
గోడ మీది క్యాలెండర్ లేచి పడతది.
పొగగొట్టంలకెల్లి మసి రాలి
తుడిచిన బండల మీద నల్లముగ్గు ఏస్తది.

నాజిల్ మార్చినం. ధబ్.
ఫిల్టర్ మార్చినం. ధబ్.
డీజిల్ల నీళ్లు కలిసినయేమోనని
సీసల వోసి రాత్రంత నిలవెట్టినం,
అడుగున ఏం దిగలె.
మా ఆయన కరెంటోళ్లను తిట్టిండు, బంకోణ్ణి తిట్టిండు,
ఆఖరికి పొయ్యి కొందామన్న నన్ను తిట్టిండు.
మంట అసలే అందుకోకపోతె ఎర్రబొత్తం వెలుగుతది.
దాన్ని మల్ల మల్ల ఒత్తొద్దు,
ఒత్తినకొద్ది లోపల నూనె జమైతదని
ఎవలు చెప్పలె నాకు.
ఆనాటి ధబ్ వేరే.
ఎడమ కనుబొమ్మ ఇంక సగమే మొలిచింది.

బాలానగర్ నుంచి ఖుద్దూస్ భాయ్ వచ్చిండు.
సంచి విప్పలె. ఛాయ్ వద్దన్నడు.
"ఆన్ జెయ్యి" అని కండ్లు మూసుకున్నడు.
ధబ్ అన్నంక కూడ తెరవలె,
ఇంక ఏదో ఇనవడుతున్నట్టు.
"నూనె తప్పు గాదమ్మా.
రవ్వ పుడుతుంది, తొవ్వ తప్పుతుంది."

రెండు కడ్డీలు బయటికి తీసిండు,
చీమ మీసాల లెక్క ఎదురెదురు.
మసి తుడిచిండు.
రెండు రూపాయి బిళ్లలు జోడించి సందుల పెట్టి చూసిండు.
సందు సరిగనే ఉంది.
నూనె పైపు బంద్ జేసి,
"లైటార్పు" అన్నడు.

చీకటి. మైదా వాసన.
ఎనకటి వీధిల కుక్కలు.
కడ్డీల కొసలకాడ రవ్వ లేదు.
పింగాణి మెడకాడ, ఎంట్రుకంత చీరికలకెల్లి
నీలంగ, సప్పుడు లేకుంట
ఇనుములకు జారిపోతుంది.
నాలుగు నెలల దొంగ.
లైటేస్తె మామూలు పింగాణి.

సామానుకు నాలుగొందల యాభై, చేతికూలి మూడొందలు.
కనుబొమ్మకు ఆయన ఏం అనలె,
పోయేటప్పుడు మాత్రం ఒకసారి చూసి
"బొత్తం ఒక్కసారే" అన్నడు.

తెల్లారి స్విచ్చేసిన.
గాలి. రవ్వ. నూనె.
మడతచీర ఇదిలించినంత సప్పుడు,
అంతే, మంట.
క్యాలెండర్ కదలలె.
నేనైతె పక్కన్నే నిలవడ్డ.

ఏడుగంటలకు పైపోర్షన్ బాలమణి దిగొచ్చింది,
జడ లేదు, నారింజ కోటు చేతిల.
"ఏమైంది మీ పొయ్యికి?"
"బాగైంది."
"బాగైతె నా హాజరు వోయింది గదా!"
నాలుగు నెలల సంది ధబ్‌కే లేస్తుందట.
అలారం ఫోను కొడుకుకిచ్చిందట.
నాలుగున్నరకు చిలకలగూడ చౌరస్తల
మొఖం సూపియ్యకపోతె
ఆ రోజు ఊడ్చినా ఊడ్వనట్టే.
నేను నవ్విన. ఆమె నవ్వలె.

గప్పటిసంది
ముందు పొయ్యి ముట్టిస్త,
గాజుకంట్లకెల్లి మంట రంగు చూస్త,
పసుపుల పొగ లేదంటె
రొట్టెల కర్రతోని పొగగొట్టం మీద ఒక్కటేస్త.
ధబ్.
పైన చెప్పులు ఎతుక్కుంటున్న సప్పుడు.

బుధవారం ఆమెకు సెలవు.
ఒక బుధవారం మర్చిపోయి కొట్టిన.
పైనుంచి దిగిన మాటలు
ఇక్కడ రాయను.