పెన్సిల్ నొక్కు

జిందర్ ఆసుపత్రిలో మార్చి.
ఎడారి దుమ్ము కిటికీ తెర దాటి
సెలైన్ సీసాల మీద కూడా పేరుకుంటోంది.

హబ్సూ ఒడిలో రెండేళ్ళ సహాబీ.
మెడ కింద చెయ్యేసి లేపాను:
తల ఒక్కటే రావాల్సింది,
భుజాలూ వీపూ కలిసి పలకలా లేచాయి.

"నీ మొహం వాడి ముందు అటూ ఇటూ కదుపమ్మా."
కదిపింది.
చూపు ఎక్కడ వదిలేశాడో అక్కడే ఉంది.
సున్నా.

గోటి మీద పెన్సిల్ పెట్టి నొక్కాను.
చెయ్యి వెనక్కి తీసుకున్నాడు,
బావిలోంచి చేదినంత నెమ్మదిగా.
ఒకటి.
మూలిగాడు, ఏడవలేదు.
ఇంకో ఒకటి.

అయిదుకి రెండు.

"దేనికి నొప్పెడతావు వాణ్ణి?" అంది హబ్సూ.
ఏం చెప్పను?
ఈ గదిలో గుక్కపెట్టే పిల్లల్ని చూసే
మేం ఊపిరి పీల్చుకుంటామని చెప్పనా?

నుదురు పెనం. అరికాళ్ళు మంచు.
గోరు నొక్కి వదిలి లెక్కపెట్టాను,
ఎరుపు తిరిగొచ్చేసరికి నాలుగు.
ఆ నాలుగో అంకె చాలా పొడుగు.

వెన్నులోంచి నీరు గంజిలా దిగింది.
మందు ఎక్కించాం.
రెండు గంటలకోసారి అదే పెన్సిల్, అదే గోరు.

మూడో తెల్లవారుజామున
నా చేతిని విసురుగా తోసేసి
వార్డంతా లేచేలా ఏడ్చాడు సహాబీ.
అమ్మ ఎటు కదిలితే అటు చూశాడు.
అయిదు, అని రాశాను. హబ్సూ నవ్వింది.

అలవాటుగా, వాడి వెనక నిలబడి
చప్పట్లు కొట్టాను.

మళ్ళీ కొట్టాను.

కాగితంలో దానికి గడి లేదు.
పెన్సిల్ జేబులో పెట్టుకుని
హబ్సూ నవ్వు అయ్యేదాకా ఆగాను.