తోడు

"ఇంకొకటి కలుపుదామా" అన్నది డాక్టరమ్మ,
కూరలో ఉప్పు చాలిందా అని అడిగినట్టు.
ఉన్న రెండు గోలీలు ఉండనీ,
ఇది వాటికి తోడు.
నిజంగనే ఇదొక రకం ఉప్పేనట.

చీటీ రాసి ఇచ్చింది.
నల్లగొండ గడియారం కాడ మందుల దుకాణం ముందు నిలబడి
కొనలేదు, కొననని కూడా అనుకోలేదు,
దేవరకొండ బస్సెక్కిన.
పన్నెండు రోజులైంది.
చీటీ నట్ల డబ్బాలో ఉంది,
నూనె మరక అక్షరాల దాకా వచ్చింది.

నేను మోటర్లు చుడత.
బోర్డు మీద పేరు భిక్షపతిది,
లోపల వేళ్లు నావి.
ఈ సైజు మోటరుకు గాడికి నలభై ఆరు చుట్లు.
ఒకటి తగ్గితే కాలుతది,
ఒకటి ఎక్కువైతే గాడిల పట్టదు.
ఇరవై ఏండ్లు లెక్క తప్పలే.
రెండేండ్ల నుంచి ముప్పై కాడ
ఏదో వచ్చి కూసుంటది.

దుఃఖం అనలేను దాన్ని.
దుఃఖమైతే ఏడ్చి మొకం కడుక్కుందును.
కరెంటుంది, స్టార్టరు పట్టింది,
మోటరు మూలుగుతది, తిరగదు.
అట్లాంటిది.

మొదటి గోలీ నిద్ర తెచ్చింది.
రెండోది ఆకలి తెచ్చింది.
నన్ను మాత్రం ఏదీ తేలేదు.

మూడోది ఏం తెస్తదో ఆమె దాచలే:
దూప ఎక్కువైతది,
మాటిమాటికి రక్తం చూడాలె,
ఎండల్ల నీళ్లు మరవొద్దు,
చేతులు కొంచెం వణకొచ్చు.
కొంచెం అంటే ఎంత?
అడగబోయి ఊకున్న.
నా బువ్వ వేళ్ల కొసల్ల ఉంటదని
ఆమెకెట్ల తెలుస్తది.

మా అమ్మది మర్రిగూడ దిక్కు.
తాగిన నీళ్లే ఆమె నడుమును కొడవలి చేసినయ్.
నాలుకకు తెల్వని ఉప్పేదో
ముప్పై ఏండ్లు మెల్లగ
బొక్కల్ల ఇల్లు కట్టుకున్నది.
గ్లాసుడు నీళ్లతోని లోపలికొచ్చేదాన్ని
నేను తొందరగ నమ్మను.

"ఎన్నని మింగుతవక్కా, పొద్దుగాల లేసి నడువు"
ఫోన్ల చెల్లె స్వరూప.
నడిచిన. డిండి రోడ్డు మీద నెల రోజులు.
నేను ఎంత దూరం పోతే
అదీ అంత దూరం వచ్చింది, చెప్పులు లేకుండ.

మా కాడికొచ్చే రైతులను చూస్త.
నాలుగొందల ఫీట్లు, దుబ్బ తప్ప తడి లేదు.
ఇంకో యాభై ఏద్దామా అంటడు బండోడు.
ఆపినోడు తెలివిగలోడా, ఏసినోడా,
మా దిక్కు ఎవరూ తేల్చలే.

భిక్షపతి ఏమీ అనడు.
రాత్రి గోలీల పక్కన నీళ్లు పెడతడు, మూతేసి.
నిన్న మాత్రం, అటు తిరిగి పండుకొని,
"వణికితే లెక్క నేను పెడతలే అండాలూ" అన్నడు.
పదిహేను దాటితే ఆయనకు లెక్క నిలవదు.
నవ్వొచ్చింది.
అది నవ్వని గుర్తుపట్టనీకె జరసేపు పట్టింది.

తోడు అన్నదామె.
పాలల్ల తోడు వేసేటప్పుడు ఆ మాట మళ్లొచ్చింది.
మసిలే పాలల్ల ఏస్తే ఇరుగుతయ్,
సల్లారినంక ఏస్తే పేరుకోవు.
వేలు ముంచి చూడాలె.
నా లోపలి వేడి ఎవరి వేలు చూస్తది?

నీళ్లు తోడుడూ తోడుడే.
అడుగున ఉంటెనే పైకొస్తయ్.
ఉన్నయా?

పొద్దుగాల బస్టాండు వెనుక ల్యాబుకు పోయిన.
పిల్లగాడు రబ్బరు కట్టి
పిడికిలి బిగించమన్నడు.
"గోలీలు మొదలువెట్టినవా అమ్మా?"
లేదన్న. లైను కలిపే ముందు
సిరీస్ బల్బు పెట్టి చూస్తున్న అన్న.
పిల్లగానికి తెల్వలే, దూది ఒత్తిండు.
రక్తమే ఇచ్చిన,
మాట ఇయ్యలే.

రిపోర్టు రేపు సాయంత్రమట.
అప్పటిదాకా ఈ మోటరు.
ఇరవై తొమ్మిది, ముప్పై,
వచ్చింది, కూసున్నది,
ముప్పై ఒకటో ముప్పై రెండో.

వైరు మొత్తం విప్పిన.
ఒకటి.