జలగడుగు

నరసాపురం ఆచార్ల వీధిలో చీపురుకి కూడా ధర ఉండేది.
అరిగిన చీపురు, మాసిన చాప, కుంపట్లో బూడిద,
కాళ్లు కడుక్కునే గుంటలో అడుసు,
అన్నీ కలిపి ఉగాది ముందు పాట పెట్టేవాళ్లు.
కొమ్మోజు సోమలింగాచారి అరుగు దుమ్ముకి
ఒక ఏడు మా అమ్మ పద్దెనిమిది రూపాయలు పాడింది.
వీధి వీధంతా నవ్వింది.
కార్తీకానికి లెక్క తేలింది:
కాసుకి నాలుగు గురిగింజలు తక్కువ.
ఆ తర్వాత పాటలో మాతో పోటీ పెరిగింది.

అమ్మ పేరు పెంటమ్మ.
ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదని
ఈవిడని చేటలో పెట్టి పెంట మీద పారేసి
మళ్లీ ఏరుకొచ్చుకున్నారు.
పారేసినదాన్ని ఏరుకోవడం
మా ఇంట్లో ఆవిడతోనే మొదలు.

తొట్టి నాన్న చేశాడు.
రేవులో విప్పేసిన పడవ చెక్క,
నిలువెత్తు పొడవు, మూరెడు వెడల్పు,
అడుగున అడ్డబద్దలు, పండుగప్ప పక్కటెముకల్లా.
తల వైపు రెండిటుకల ఎత్తు.
ఒక్కో బద్ద వెనక చిటికెడు పాదరసం.
మేం తినేది చారు.
మా ఇంట్లో రసం అంటే ఇదే.

కాలవ నీళ్లు కుండతో నేను పోసేదాన్ని.
అమ్మ అడుసు మెదిపేది.
నల్లటి నీళ్లు బద్ద ఎక్కి దిగి, బద్ద ఎక్కి దిగి,
బరువున్నది ఆగేది,
బరువు లేనిది గోదాట్లోకి పోయేది.
"తొందరపడకే, నీళ్లకి తెలుసు" అనేది.
నీళ్లకి తెలుసో లేదో గానీ
నాకు జబ్బలు పీకేసేవి.

సాయంత్రం రసాన్ని పాత పంచె గుడ్డలో మూటగట్టి పిండితే
చెమట పట్టినట్టు తెల్లటి చుక్కలు చిప్పలోకి.
గుడ్డలో మిగిలేది గోరంత ముద్ద, వెండిలా.
బంగారం ఏదే అంటే
"నిద్దరోతోంది" అని మూకుట్లో పెట్టి
బొగ్గుల మీద ఊదేది.
నన్ను వాకిట్లోకి తరిమేది.
తను ఊదుతూనే ఉండేది.

కాలవలు కట్టేసిన ఎండల్లో నీళ్లుండవు.
మురుగు తూము కింద ఎండిన మడ్డి తవ్వుకునేది.
లాకు గట్టు మీంచి లస్కరు గవర్రాజు
"ఏం దొరికిందమ్మా?" అంటే
"నీ జీతం" అనేది.

ఒకసారి రసం చేత్తో మెడ గోక్కుంది.
పుస్తె తెల్లబోయింది.
చుట్టుపక్కల ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు.
గడప మీద చుట్ట కాలుస్తున్న నాన్న
"పోయింది నేను కాదు, రంగు" అన్నాడు.
అమ్మ దాన్ని మూకుట్లో వేసి కాల్చింది,
పచ్చదనం తిరిగొచ్చాక
బియ్యం డబ్బా అడుక్కి తోసేసింది.
అప్పట్నుంచి మెడలో పసుపు కొమ్ము.
ఎందుకే అంటే, రసానికి ఆకలెక్కువ అంది.

వణుకు ముందు టీ గ్లాసులో వినిపించింది.
తర్వాత సూదిలో దారం ఎక్కలేదు.
తర్వాత పళ్లు, ఒకటొకటిగా, ఏ నొప్పీ లేకుండా.
పాలకొల్లు డాక్టరు నరాల నీరసం అని
ఎర్రటి మాత్రలు రాశాడు.
ఏం పని చేస్తావని ఆయన అడగలేదు.
మేమూ చెప్పలేదు.
ఆఖరి ఏడాది అన్నం నేనే కలిపి పెట్టేదాన్ని.
మెతుకు జారితే మాత్రం
ఆ వణికే వేళ్లే వెతికి ఏరుకునేవి.

ఆచార్ల వీధిలో ఇప్పుడు
దుమ్ముని సంచుల్లో కుట్టి లారీకెక్కిస్తున్నారు.
ఎక్కడికో నాకు తెలీదు.
తొట్టి మాత్రం మా పెరట్లోనే ఉంది,
కోళ్లు అందులో తవుడు తింటాయి.

మొన్న కడుగుదామని పక్కకి వంచాను.
మూడో బద్ద సందులోంచి
గింజంత రసం చుక్క బయటికి దొర్లి,
ఎండలో ఆగి,
వణికింది.

కాసేపు చూస్తూ కూర్చున్నాను.
తర్వాత కోళ్లని తోలేశాను.