అసలు ఎంత?

బుధవారం సాయంత్రం ఆరింటికి
బ్యాంకు తలుపు నేనే తీస్తాను.
బ్యాంకు అంటే, ఇప్పుడు కాదు.
బోర్డు ఊడదీసిన చోట గోడ ఇంకా తెల్లగా ఉంది
కట్టు విప్పిన చెయ్యిలాగా.
ఇరవై రెండేళ్లు అద్దం వెనక కూర్చున్నాను.
ఇప్పుడు అద్దం లేదు, కౌంటరు మీద టీ కెటిల్.
ఇనప గదిలో మడత కుర్చీలు, బీన్స్ డబ్బాలు,
ఎవరో ఇచ్చిపోయిన చంటిపిల్లల డైపర్లు.
ఇంత అక్కరకొచ్చే సరుకు
ఆ గదిలో మునుపెన్నడూ దాచలేదు.

వేల్స్ లోయలో వాన సంగతి చెప్పక్కర్లేదు.
గనులు మూసేసిన ఊరికి
నాగా లేకుండా డ్యూటీకొచ్చేది అదొక్కటే.

మొదటి పాఠం, కవర్లు చింపడం.
"తెరవకుండా పడేసినవన్నీ పట్టుకురండి" అన్నాను.
మాల్డ్విన్ బంగాళాదుంపల సంచీ నిండా తెచ్చాడు.
మూడేళ్ల ఉత్తరాలు. ఎర్ర అక్షరాలవి అడుగున.
గని కప్పు కూలినా బెదరని మనిషి
బల్ల మీద సంచీ బోర్లించి
రెండు చేతులూ జేబుల్లో దాచుకున్నాడు.
అందరం చింపాం. సగం ప్రకటనలు.
ఒకటి ఆసుపత్రి పిలుపు, తేదీ దాటిపోయింది.
ఒకదాంట్లో కౌన్సిలే అతనికి బాకీ,
అరవై ఒక్క పౌండ్లు.
"వాళ్ల నుంచి నేను దాక్కున్నానా,
నా నుంచి వాళ్లా?" అని
ఆ రాత్రి చల్లబడిన రేడియేటరు దగ్గర మోకాళ్ల మీద కూచుని
అందులో ఇరుక్కున్న గాలి ఎలా వదలాలో
మా అందరికీ నేర్పాడు.

రెండో వారం బోర్డు మీద మూడు గడులు గీశాను.
రాబడి, ఖర్చు, మిగులు.
పందొమ్మిదేళ్ల టేగన్, చంకలో పాప,
"ఆ మూడో గడి ఎలాగూ ఖాళీయే కదా,
అద్దెకిస్తారా?" అంది.
నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.
తర్వాత ఆమె చెప్పింది, నేను రాసుకున్నాను.
మీటరులో వేసిన ఐదు పౌండ్లు
ఏ ఈదురుగాలికి ఎన్ని గంటలు నిలుస్తాయో,
ఏడూ పదికి ఏ దుకాణంలో
రొట్టె మీద పసుపు చీటీ అంటిస్తారో,
వంటయ్యాక ఓవెన్ తలుపు తీసి ఉంచితే
పాప ఒళ్లు తుడిచేంత వెచ్చదనం
ఎలా మిగులుతుందో.
మిగులు. ఆ మాట ఆమె అలా వాడింది.

గ్వెన్లియన్ బడిలో వంట చేస్తుంది.
శుక్రవారం శుక్రవారం ఒకాయన తలుపు తడతాడు.
మంచివాడే, పిల్లాడి దగ్గు గురించి అడుగుతాడు,
పద్నాలుగు పౌండ్లు తీసుకుని వెళ్తాడు.
"అసలు ఎంత?"
"మూడొందలు. వాషింగ్ మెషీన్ చెడినప్పుడు."
"ఎన్నాళ్లయింది?"
"గెథిన్ రెండో క్లాసు. ఇప్పుడు ఆరు."
గుణించాం. మిషను తప్పేమోనని చేత్తో గుణించాం.
రెండు వేల తొమ్మిది వందల పన్నెండు.
పాతది తీరేలోపే కొత్తది అంటగట్టేవాడట,
అసలు అసలులాగే ఉంది.
గ్వెన్లియన్ అసలు ఏడవలేదు.
పెన్సిలు కింద పెట్టి అంది,
"మొదట ఇక్కడికే వచ్చాను. ఈ కౌంటరుకే.
కుదరదన్నారు."
ఎవరన్నారో చెప్పలేదు.
నేనూ అడగలేదు.
ఆ ఏడాది అద్దం వెనక ఉన్నది
ఇడ్రిస్, నేను. ఇద్దరమే.

ఈ వారం పాఠం ఏదీ రాసుకోలేదు.
గ్వెన్లియన్‌ని కౌంటరు లోపల, నా కుర్చీలో కూర్చోబెట్టాను.
నేను బయట నిలబడి తలుపు తట్టేవాణ్ణయ్యాను.
"పిల్లాడి దగ్గెలా ఉందమ్మా?"
మొదటిసారి ఆమె పర్సు తీసింది.
రెండోసారి గొంతు వణికింది.
మూడోసారి మాల్డ్విన్ దగ్గి ధైర్యమిచ్చాడు,
టేగన్ పాప ఏడ్చింది, కెటిల్ కూత పెట్టింది.
నాలుగోసారి
నా కళ్లలోకి చూసి అడిగింది,
"అసలు ఎంత? కాగితం మీద రాసివ్వండి."

ఏం చెప్పాలో
నాకు తోచలేదు.