అంచు కుట్టు

టూయెలె అని రాసి
తువిల్లా అని పలుకుతారు ఈ ఊరిని.
వచ్చిన కొత్తలో నా నాలుక తడబడితే నవ్వారు.
రాసేదొకటి, పలికేదొకటి కావడం
ఊరి పేరుతో ఆగలేదని
లారూ జోర్గెన్సన్ చెవి మిషన్ బాగుచేస్తూ తెలుసుకున్నాను.

ఎనభై ఏడేళ్ళు ఆవిడకి.
కుడిచెవి ఎప్పుడో పోయింది,
ఎడమది నా చేతుల్లో ఉంది.
కొత్త బ్యాటరీ వేసి "ఏమైనా వినపడుతోందా?" అన్నాను.
"అమ్మ కుట్టుమిషన్" అంది.
గోడకున్న ఏసీ రొద అది.
దిద్దబుద్ధి కాలేదు.

నలభై మూడు, వేసవి.
ఐదేళ్ళ పిల్ల, పెడలు పక్కన కూర్చుని
రాలిన గుడ్డపీలికలు ఏరుకునేది.
కొండల అవతల ఉప్పునేల మీద
ఎవరూ కాపురముండని ఇళ్ళు లేచాయప్పుడు.
శత్రువుల నగరాల్లో కూలీనాలీ జనం బతికే ఇళ్ళలాంటివే,
అదే పెంకు, అదే వాసం, అదే ఇరుకు మెట్లు.
ఒక వరసకి చాపలు పరిచిన నేల.
ఇంకో వరసకి బరువైన బీరువాలు, మంచాలు, పరుపులు.
కర్టెన్ల పని వాళ్ళమ్మకి వచ్చింది,
గజానికింత అని.

"ఎవరుంటారు అందులో?" అందట అమ్మ,
కొలతల కాగితం తెచ్చిన కుర్రాడితో.
"ఎవరూ ఉండరు, వెర్డా."
అయినా అంచులు లోపలికి మడిచి
రెండు వరసలు కుట్టింది,
పదేళ్ళు ఉతికినా పోగు లేవకుండా.
నెల తిరక్కుండా మళ్ళీ కాగితం.
అవే కిటికీలు, అవే కొలతలు.
కుట్టింది.
మళ్ళీ కాగితం.
పాత తెరలేమయ్యాయని ఆవిడ అడగలేదు,
కుర్రాడు చెప్పలేదు.
నాలుగోసారి మాత్రం
అంచు కుట్టకుండా పంపింది.

నాన్న పని ఇంకా తేలిక.
రబ్బరు గొట్టంతో వాసాలు తడపడం.
ఎడారి ఎండకి కట్టె పెళుసెక్కి
ఇట్టే అంటుకుంటుంది,
ఇట్టే అంటుకుంటే లెక్క తప్పుతుంది.
ఆ దూరపు నగరంలో వానలెక్కువ.
అక్కడి వానంతా ఇక్కడ కురవాలి,
కాలబోయే ముందు
ఇల్లు నిజంగా నానాలి.

ఆంబోతులు పోట్లాడుకుంటే
లేగల కాళ్ళు విరిగాయని మన సామెత.
యుద్ధం గురించి ఇన్నాళ్ళూ నాకున్న జ్ఞానం అంతే.
పాపం, అడ్డమొచ్చారు.
పాపం, అనుకోకుండా పోయారు.
లారూ, ఇక ఆ సామెత నా నోట రాదు.
ఏ ఆంబోతూ కుమ్ములాటకి ముందు
లేగ ఎముక మందం కొలిపించదు.
ఎన్ని నిమిషాల్లో విరిగిందో
గడియారం పట్టుకుని రాసుకోదు.

సిపాయికి గుంత ఉంది, ఇనుప టోపీ ఉంది,
వెనక్కి రమ్మని పిలిచే బూర ఉంది.
ఇంటికేముంది?
ఇల్లు పరిగెత్తలేదు.
రాత్రిపూట అంత ఎత్తునుంచి ఫ్యాక్టరీ ఆనదు,
దాని చుట్టూ నిద్రపోయే మనుషులు మాత్రం
ఎక్కడ వేసినా దొరుకుతారు.
కాగితం మీద పారిశ్రామిక ప్రాంతం అని రాస్తారు.
పలికేది ఎలాగో
ఎవరూ నేర్పరు.

వాళ్ళమ్మ తప్పేముంది అనాలనుకున్నాను.
అనలేదు. ఆవిడ కూడా అడగలేదు.
గజానికింత అని వచ్చిన డబ్బుతో
ఆ చలికాలం లారూకి బూట్లు కొన్నారట,
ఎర్రవి, ఒక సైజు పెద్దవి.

సామాను సర్దుకుంటుంటే
"కాస్త తగ్గించు" అంది చెవి పట్టుకుని.
నీళ్ళ చప్పుడట.
వంటింట్లోకి వెళ్ళి చూశాను.
కొళాయి కట్టే ఉంది.