గీరిన పలక

మార్కాపురం కోర్టు ఎదురు వరండాలో
ఇరవై రెండేళ్లుగా వకాలతులు నింపుతున్నాను.
కక్షిదారు పేరు, తండ్రి పేరు, ఊరు
ఇవన్నీ నేను రాస్తాను.
ఫీజు మాత్రం రాయను.
అది మా వకీలుగారు నోటితో చెబుతారు,
అదీ సగమే:
"ముందు కేసు పడనీ తల్లీ, తర్వాత చూద్దాం."

ఆ 'తర్వాత'లో ఎన్ని గొర్రెలు అమ్ముడుపోయాయో
నా దగ్గర లెక్క లేదు.

ఖాసింబీ వచ్చిన రోజు
పలకరాళ్ల గుట్టల మీంచి ఎండ నల్లగా కొడుతోంది.
క్వారీలో చరియ విరిగిపడి మొగుడు పోయి ఏడు నెలలు.
ఆమె గోళ్లల్లో ఇంకా బూడిదరంగు పొడి.
వేలిముద్రే కదా అని ఇంకుప్యాడ్ తెరిచాను.
"సంతకం వచ్చులే గుమాస్తా.
ముందు ఇది చెప్పు, ఖర్చులంటే ఏంది?"

ఏం చెప్పను?
స్టాంపులు, నకళ్లు, బస్సు చార్జీ,
జూనియర్ గారి భోజనం,
నా టీ,
వాయిదా పడితే పడినందుకో రెండొందలు.
తవ్వి వదిలేసిన క్వారీ గుంటలాగా
ఆ మాటకు అడుగు లేదు.

వకీలుగారు నవ్వారు:
"వచ్చినదాంట్లో రూపాయికి పావలా ఇద్దువులే."
అలా వాటా అడగకూడదని నాకు తెలుసు.
ఇరవై రెండేళ్లుగా తెలుసు.
కార్బన్ కాగితాలు సర్దుకుంటూ తలొంచుకున్నాను.

ఆమె సంచిలోంచి పలక తీసింది,
ఇంకా చట్రం బిగించనిది.
"దీనిమీద రాయండి సారూ.
ఫీజెంత, ఎన్ని దఫాలు, ఖర్చులకు రసీదు,
మధ్యలో మీరొద్దనుకుంటే నా కాగితాలు నాకిస్తారా,
అంతా."
"పలక మీదనా? తడిగుడ్డ పెడితే పోద్ది గదమ్మా!"
చంటిపిల్లను మురిపించినట్టు
బలపంతో రాసిచ్చారు.
పావలా దగ్గర మాత్రం చెయ్యి ఆగింది.
అక్కడ తుడిచి ఒక అంకె వేశారు.

అప్పుడామె సంచి అడుగు నుంచి మేకు తీసింది.
ఒక్కో అక్షరం మీదుగా దాన్ని నడిపింది.
ఆ కిర్రుమనే చప్పుడుకు
వరండాలో అందరి పళ్లూ జివ్వుమన్నాయి.
రాయిని పొర పొరగా చీల్చే చెయ్యి,
దానికి ఇదో లెక్కా?

ఊదింది.
పొడి లేచొచ్చి నా వకాలతు మీద పడింది.
"ఇప్పుడు తుడవండి సారూ."

కేసు ఇంకా నడుస్తోంది.
గెలుస్తుందో లేదో నాకు తెలియదు.
ఫారం కింద ఖాళీ జాగా వచ్చినప్పుడల్లా
కలం ఎత్తి అడుగుతున్నాను:
"ఎంతని చెప్పారమ్మా?"
మా వకీలుగారు దగ్గుతారు.
నేను రాస్తాను.